వర్డ్‌లో రాసిన వాడుక పుస్తకాన్ని హెల్ప్ టూల్‌లోకి ఎక్కిస్తే బొమ్మలూ శీర్షికలూ చెదిరిపోతున్నాయి, సలహా కావాలి

గట్టుమీద షెడ్డు (భీమవరం):

అందరికీ నమస్కారం. రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి మేము ఐదుగురం కలిసి భీమవరంలో తయారు చేస్తున్నాము. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన రోజు నుంచి పట్టుబడి రోజు వరకు ఏ చెరువులో ఎంత మేత పడింది, చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నాయో చూడడానికి చెరువులో దించే పళ్లెంలో) ఎంత మిగిలింది, వల విసిరి చూసినప్పుడు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంత వచ్చింది, కరెంటు పోయిన రాత్రి నీటికి గాలి అందించే ఏరియేటర్లకు డీజిల్ ఎంత ఖర్చయింది అన్న వివరాలన్నీ రైతు గానీ, చెరువు మీద ఉండే గుమాస్తా గానీ అందులో నమోదు చేసుకోవచ్చు. దీనికి ఒక వాడుక పుస్తకం కూడా ఉంది. నాలుగేళ్లుగా ముగ్గురు మనుషులు మూడు వర్డ్ ఫైళ్లలో ఎవరి పద్ధతిలో వారు రాస్తూ వచ్చారు. అన్నీ కలిపితే 180 పుటల పైమాటే, బొమ్మలు 240 దాకా ఉన్నాయి.

ఇక మీదట దీన్ని అచ్చు వేయించి పంచడం మానేసి, సాఫ్ట్‌వేర్‌లోనే సహాయం బొత్తాం నొక్కితే తెరుచుకునేలా ఇవ్వాలని నిర్ణయించుకొని, ఒక హెల్ప్ ఆథరింగ్ టూల్ (సహాయ పుటలు తయారు చేసే ప్రోగ్రాం) కొన్నాము. వర్డ్ ఫైలును ఇంపోర్ట్ చేసుకునే సదుపాయం అందులో ఉందని చూసి, ఒక్క పూటలో అయిపోయే పని అనుకున్నాను. మూడు వారాలు గడిచినా గట్టెక్కలేదు.

మొదటి ఫైలు 70 పుటలూ ఒకే ఒక్క టాపిక్‌గా (హెల్ప్‌లో విడిగా తెరుచుకునే పుటగా) వచ్చి పడింది. రెండో ఫైలు దీనికి తలకిందులుగా ప్రవర్తించింది. శీర్షికల దగ్గర తెగింది సరే, మధ్యలో "గమనిక" అన్న మాట ఉన్న ప్రతి చోటా తెగి, ఆ మాటే పేరుగా 40 టాపిక్‌లు పుట్టుకొచ్చాయి. ఇక బొమ్మల సంగతి చెప్పనక్కర లేదు. స్క్రీన్‌షాట్ల మీద మా వాళ్లు గీసిన ఎర్ర బాణాలూ, 1, 2, 3 అంకెలున్న గుండ్రాలూ మాయమై, ఒట్టి స్క్రీన్‌షాట్లు మిగిలాయి. కొన్ని బొమ్మల స్థానంలో ఖాళీ గడి మాత్రమే కనిపిస్తోంది. అన్నిటికంటే నన్ను భయపెట్టినది మరొకటి. ఒక రైతు గారు చెక్ ట్రే పట్టుకొని నిలబడిన ఫొటోలో, పక్కనున్న బల్ల మీద ఆయన బ్యాంకు పాస్‌పుస్తకం తెరిచి ఉంది. అది కనపడకుండా మా వాళ్లు వర్డ్‌లోనే అంచు కత్తిరించి పెట్టారు. ఇంపోర్ట్ అయ్యాక ఖాతా సంఖ్యతో సహా పూర్తి ఫొటో బయటపడింది.

మూడో ఫైలు ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించినది. వర్డ్‌లో చక్కని తెలుగుగా కనిపించే ఆ ఫైలు, టూల్‌లోకి వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గందరగోళంగా మారిపోయింది. వీటన్నిటినీ పక్కన పెట్టి, బాగా వచ్చిన నాలుగు టాపిక్‌లతో సీహెచ్ఎం ఫైలు (విండోస్ పాత పద్ధతి హెల్ప్ ఫైలు) ఒకటి తయారు చేసి చూస్తే, లోపలి పుటల్లో తెలుగు సరిగానే ఉంది గానీ ఎడమ పక్క విషయసూచికలో పేర్ల బదులు ప్రశ్నార్థకాలు వరుస కట్టాయి.

ఇది టూల్ లోపమా, మా ఫైళ్ల లోపమా? ఇంపోర్ట్ ఆశ వదులుకొని అంతా కొత్తగా టైపు చేసుకోవడమే మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

లాకుల దగ్గర (రాజోలు):

షెడ్డు గారూ, హైదరాబాదులో పన్నెండేళ్లు ఇదే పని చేసి, ఇప్పుడు ఇంటి నుంచి చేస్తున్నాను కనుక తెలిసినంత చెబుతాను. మళ్లీ టైపు చేయవలసిన అవసరం మొదటి రెండు ఫైళ్లకు లేదు. బొమ్మల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు. నేను శీర్షికల వరకే పరిమితమవుతాను.

వర్డ్‌లో కంటికి కనిపించేది ఒకటి, ఫైలులో రాసి ఉన్నది మరొకటి. ఒక వరుసను పెద్ద అక్షరాల్లో, దళసరిగా, నీలం రంగులో పెడితే మనకు అది శీర్షిక. టూల్‌కు కళ్లు లేవు. ఆ వరుసకు "హెడింగ్ 1", "హెడింగ్ 2" అన్న స్టైల్ తగిలించి ఉందా లేదా అన్నదొక్కటే అది చూస్తుంది. మీ మొదటి ఫైలు రాసినవారు స్టైళ్ల జోలికి వెళ్లకుండా, ప్రతి శీర్షికనూ చేత్తో దిద్ది ఉంటారు. తూము లేని గట్టు లాంటిది అది, నీళ్లన్నీ ఒకే మడిలో నిలిచిపోయాయి. రెండో ఫైలు రాసినవారికి హెడింగ్ 3 రంగు నచ్చి, "గమనిక" అన్న మాట అందంగా కనబడాలని దానికి ఆ స్టైల్ తొడిగి ఉంటారు. టూల్ రెండు సందర్భాల్లోనూ చెప్పిన మాటే విన్నది.

ముందు ప్రతి ఫైలుకూ నకలు తీసి, నకలు మీదే పని చేయండి. వ్యూ ట్యాబ్‌లో నావిగేషన్ పేన్ తెరిస్తే, ఫైలులో నిజంగా శీర్షికలుగా నమోదైనవి ఎడమ పక్కన జాబితాగా కనబడతాయి. టూల్‌లో రేపు రాబోయే విషయసూచికకు అదే ముందుచూపు. మీ మొదటి ఫైలుకు ఆ జాబితా ఖాళీగా ఉంటుందని నా అంచనా. అప్పుడు ఒక శీర్షిక మీద కర్సర్ పెట్టి, హోమ్ ట్యాబ్ చివర ఉండే సెలెక్ట్ మెనూలో, అదే తీరుగా ఉన్న పాఠ్యాన్నంతా ఒకేసారి ఎంచుకునే సదుపాయాన్ని వాడి, అన్నిటికీ కలిపి హెడింగ్ 2 తగిలించండి. 70 పుటలకు అరగంట కంటే ఎక్కువ పట్టదు. కానీ రాసినవారు ఒక చోట 16, మరొక చోట 15 సైజు పెట్టి ఉంటే కొన్ని జారిపోతాయి, వాటిని కంటితో వెతుక్కోక తప్పదు. "గమనిక"లకు హెడింగ్ తీసేసి, మీరే "గమనిక" అన్న పేరుతో ఒక పేరా స్టైల్ సృష్టించి తగిలిస్తే, ఇంపోర్ట్ సమయంలో దాన్ని టూల్‌లోని రంగుపెట్టె స్టైల్‌తో జత చేయవచ్చు.

ఎక్కడ తెంపాలన్నది టూల్ నిర్ణయించేది కాదు, మీరు నిర్ణయించవలసినది. అధ్యాయానికి హెడింగ్ 1, టాపిక్‌కు హెడింగ్ 2, టాపిక్ లోపలి చిన్న శీర్షికకు హెడింగ్ 3 పెట్టుకొని, రెండో స్థాయి వరకే తెంపమని చెప్పడం నా అలవాటు. రాత్రి రెండు గంటలకు చెరువు గట్టు మీద నిలబడి ఫోనులో మీ హెల్ప్ తెరిచే మనిషికి ఆ క్షణాన కావలసింది ఎంతో, ఒక టాపిక్ అంతే ఉండాలి. "కౌంట్ నమోదు చేయడం" ఒక టాపిక్. "కౌంట్ బొత్తాం ఎక్కడ ఉంది" అన్నది టాపిక్ కాదు.

ఇంపోర్ట్‌కు ముందు తీసేయవలసిన చెత్త కూడా కొంత ఉంటుంది. పాత విషయసూచిక, పుటల అంకెలు, పైనా కిందా వచ్చే పట్టీలు హెల్ప్‌లో పనికిరావు. "42వ పుట చూడండి" అన్న వాక్యాలను వెతికి పట్టుకొని, ఆ స్థానంలో టాపిక్ పేరు రాసి పెట్టుకుంటే తర్వాత లింకు ఇవ్వడం తేలిక. ముగ్గురు రాసిన ఫైళ్లంటున్నారు కనుక ట్రాక్ చేంజెస్ తప్పకుండా తెరిచి చూడండి. మనం ఎప్పుడో కొట్టేశామనుకున్న వాక్యాలు ఆమోదం పొందకుండా ఫైలులోనే కూర్చొని ఉంటాయి, ఇంపోర్ట్‌లో అవి మళ్లీ లేచి వస్తాయి. మార్పులన్నిటినీ ఆమోదించి, వ్యాఖ్యలను తొలగించి అప్పుడు ముందుకు వెళ్లండి. స్పేసులూ ట్యాబులూ కొట్టి వరుసలు కలిపిన మేత పట్టికలు ఏవైనా ఉంటే నిజమైన టేబుల్‌గా మార్చక తప్పదు. వెబ్ పుటల భాష అయిన హెచ్‌టీఎంఎల్‌లో వరుసగా ఉన్న ఖాళీలన్నీ ఒక్క ఖాళీగా కుదించుకుపోతాయి కనుక ఆ పట్టిక అంతా ఒక ముద్దలా కనబడుతుంది.

ఇంపోర్ట్ పెట్టెలో, వర్డ్ రూపాన్ని అలాగే ఉంచాలా, వదిలేసి టూల్ స్టైల్ షీట్‌ను (అన్ని టాపిక్‌ల రూపాన్నీ ఒకే చోట నిర్ణయించే ఫైలును) వాడాలా అన్న ప్రశ్న చాలా టూళ్లలో ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. వదిలేయమనే చెప్పండి. ఉంచమంటే ప్రతి పేరాకూ సైజు, ఫాంటు, అంచుల కొలతలు అంటుకొని వస్తాయి, రేపు ఒక్క రంగు మార్చాలన్నా ప్రతి టాపిక్‌నూ తెరవాలి. తెలుగుకు ఇంకొక చిక్కు ఉంది. వర్డ్‌లో ఇంగ్లీషుకు ఒక ఫాంటు, మన లిపి వంటి సంకీర్ణ లిపులకు మరొక ఫాంటు విడివిడిగా నమోదవుతాయి. ఇంపోర్ట్‌లో ఇంగ్లీషు ఫాంటు పేరు ఒక్కటే దాటి వస్తే, తెలుగు ఏ ఫాంటులో కనబడాలో బ్రౌజర్ తన ఇష్టప్రకారం తేల్చుకుంటుంది. స్టైల్ షీట్‌లోనే నోటో సాన్స్ తెలుగు గానీ, విండోస్ 8 నుంచి ఉన్న నిర్మల యూఐ గానీ పేరు పెట్టి రాస్తే ఆ బెడద ఉండదు.

మొత్తం 180 పుటలూ ఒకేసారి ఎక్కించవద్దు. బొమ్మలు, పట్టిక, గమనిక అన్నీ ఉన్న ఒక పది పుటల అధ్యాయాన్ని ఎంచుకొని, అది సవ్యంగా వచ్చే వరకు దానితోనే కుస్తీ పట్టండి.

కొబ్బరాకు (అంబాజీపేట):

బొమ్మల విషయం నేను అందుకుంటాను. మొదట ఆ పాస్‌పుస్తకం సంగతి తేల్చాలి, ఎందుకంటే మిగిలినవి అందానికి సంబంధించినవి, ఇది ఒకరి డబ్బుకు సంబంధించినది.

మన వైపు క్రాప్ అంటే పంట, ఒకసారి పట్టుబడి అయ్యాక చెరువులో ఏమీ మిగలదు. వర్డ్‌లో క్రాప్ అలాంటిది కాదు. అంచు తెగినట్టు చూపిస్తుందే తప్ప తెగిన ముక్కను పారేయదు. పూర్తి ఫొటో ఫైలులోనే ఉంటుంది. టూల్ ఆ ఫొటోను బయటికి తీసేటప్పుడు కత్తిరింపు కొలతలను పట్టించుకోకపోతే మొత్తం బయటపడుతుంది. టూల్ సరిగా దాచినా సరే, ఆ వర్డ్ ఫైలు ఎవరి చేతికి వెళ్లినా వారు ఒక్క నొక్కుతో ఆ ఖాతా సంఖ్య చూడగలరు. మీరు ఈ ఫైలును ఇప్పటికే రైతులకు గానీ డీలర్లకు గానీ పంపి ఉంటే, ఆ రైతు గారికి ఒక మాట చెప్పడం మర్యాద. దిద్దుబాటు ఏమిటంటే, ఫొటోను ఎంచుకొని పిక్చర్ ట్యాబ్‌లో కంప్రెస్ పిక్చర్స్ తెరిస్తే, కత్తిరించిన భాగాలను తొలగించే గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్కు పెట్టి, ఆ ఒక్క బొమ్మకే అన్న గడిలోని టిక్కు తీసేస్తే ఫైలు మొత్తానికి వర్తిస్తుంది. ఆ పెట్టెలోనే రిజల్యూషన్ తగ్గించే ఎంపిక కూడా ఉంటుంది కనుక, స్క్రీన్‌షాట్లు మసకబారకుండా దాన్ని చూసి ఎంచుకోండి. ఫోనుతో తీసిన ఫొటోల్లో తీసిన స్థలం వివరాలు కూడా దాగి ఉండవచ్చు. చెరువు ఎవరిదో ఎక్కడిదో తెలియకూడదనుకుంటే ఫైలు ప్రాపర్టీస్‌లో ఆ వివరాలనూ తుడిచేయండి.

ఇక బాణాల సంగతి. బాణాలూ గుండ్రాలూ స్క్రీన్‌షాట్‌లో భాగం కావు. వర్డ్ వాటిని బొమ్మ మీద తేలుతున్న విడి ఆకారాలుగా, పాఠ్యంతో పాటు రాసుకుంటుంది. దీన్ని కళ్లారా చూడాలంటే, డాక్స్ ఫైలు నకలుకు చివరి పొడిగింపును జిప్ అని మార్చి తెరవండి. 2007 నుంచి వస్తున్న డాక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ పొట్లమే. అందులో వర్డ్ అన్న ఫోల్డర్‌లో మీడియా అన్న మరో ఫోల్డర్ ఉంటుంది, మీ 240 బొమ్మలూ అక్కడ ఉంటాయి. ఒక్కదాని మీదా బాణం ఉండదు. పైన చెప్పిన పాస్‌పుస్తకం మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఒకవేళ ఏదైనా బొమ్మ అక్కడ లేకపోతే, దాన్ని ఫైలులో చొప్పించకుండా ఎవరో లింకుగా మాత్రమే తగిలించారని అర్థం. ఆ బొమ్మ వారి పాత కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్‌లోనో ఉండిపోయి ఉంటుంది. మీకు కనిపించిన ఖాళీ గడుల్లో కొన్ని ఇవే కావచ్చు. ఈఎంఎఫ్, డబ్ల్యూఎంఎఫ్ అన్న పొడిగింపులున్నవి కనబడితే మిగిలిన ఖాళీ గడులకు కారణం కూడా దొరికినట్టే. అవి విండోస్ సొంత రేఖాచిత్రాలు, బ్రౌజర్లు వాటిని చూపించవు. వాటిని పీఎన్‌జీగా మార్చుకోవాలి.

బాణాలను కాపాడుకోవడానికి ఒక దారి ఉంది. స్క్రీన్‌షాట్‌నూ దాని మీది ఆకారాలనూ కలిపి ఎంచుకొని గ్రూపు చేసి, కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌తో పీఎన్‌జీ బొమ్మగా అతికిస్తే అన్నీ ఒకే బొమ్మలో కలిసిపోతాయి. స్క్రీన్‌షాట్ పాఠ్యంలో వరుసగా కూర్చొని ఉంటే గ్రూపు కాదు కనుక, ముందు దాన్ని తేలే బొమ్మగా మార్చి, గ్రూపు చేసి, పని ముగిశాక మళ్లీ "ఇన్ లైన్ విత్ టెక్స్ట్"కు తేవాలి. ఈ చివరి మెట్టు మరిచిపోతే, తేలే బొమ్మలు ఇంపోర్ట్‌లో ఏ పేరాకు అంటుకుంటాయో చెప్పలేము. మూడో మెట్టు బొమ్మ ఏడో మెట్టు కింద తేలడం నేను చూశాను.

అయితే నన్నడిగితే ఈ శ్రమ పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు దాటించవలసి వచ్చినప్పుడే. మీ సాఫ్ట్‌వేర్ నాలుగేళ్లలో మారలేదా? సగం స్క్రీన్‌షాట్లు ఇప్పటికే పాతబడి ఉంటాయి. ఎటూ మళ్లీ తీయవలసినవాటికి బాణాలు కాపాడడం ఎందుకు? కొత్తగా తీసేటప్పుడు బాణాన్ని స్క్రీన్‌షాట్ తీసే ప్రోగ్రాంలోనే గీసి, బాణం లేని అసలునూ, బాణం ఉన్న నకలునూ రెండిటినీ దాచుకోండి. తర్వాత ఒక్క బొత్తాం చోటు మారితే అసలు మీద కొత్త బాణం గీస్తే సరిపోతుంది. తెరలకు పీఎన్‌జీ, చెరువు ఫొటోలకు జేపీఈజీ పెట్టుకోండి. ఐఫోన్‌తో తీసిన ఫొటోలు హెచ్ఈఐసీ రూపంలో ఉంటే చాలా బ్రౌజర్లు చూపించవు, అవి కూడా జేపీఈజీగా మారాలి. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను వర్డ్‌లో మూల పట్టుకొని చిన్నది చేస్తే చూపే చిన్నదవుతుంది, బరువు తగ్గదు. చెరువు గట్టు మీద సిగ్నల్ ఎంత ఉంటుందో మీకు తెలియనిది కాదు. హెల్ప్‌లోకి వెళ్లే ఫొటోలను 1200 పిక్సెళ్లకు తగ్గించి పెట్టండి.

తెలుగు అక్షరాలున్న స్క్రీన్‌షాట్లు వర్డ్ ద్వారా వెళ్లినప్పుడు మసకబారడం ఇంకొక ఫిర్యాదు. వర్డ్ తనంతట తానే సేవ్ చేసేటప్పుడు బొమ్మలను కుదిస్తుంది, వత్తులూ గుణింతాలూ ముందు దెబ్బతింటాయి. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద, ఫైలులో బొమ్మలను కుదించవద్దన్న గడి ఉంది. ఇప్పటికే కుదించినవి తిరిగి రావు గానీ ఇక మీదటివి నిలుస్తాయి.

గట్టుమీద షెడ్డు (భీమవరం):

ఇద్దరికీ కృతజ్ఞతలు. నావిగేషన్ పేన్ తెరిచి చూశాను. లాకుల దగ్గర గారు చెప్పినట్టే మొదటి ఫైలుకు అక్కడ ఒక్క వరుస కూడా లేదు. రెండో ఫైలులో "గమనిక"లే బారులు తీరి ఉన్నాయి. మొదటి ఫైలుకు స్టైళ్లు తగిలించి మళ్లీ ఇంపోర్ట్ చేస్తే 26 టాపిక్‌లుగా వచ్చింది, మూడు శీర్షికలు మాత్రం పక్క టాపిక్‌లో కలిసిపోయాయి. వాటిలో ట్యాబ్ కొట్టి ఉండడం వల్ల ఎంపికలో జారిపోయాయని తర్వాత తెలిసింది.

మీడియా ఫోల్డర్ తెరిచినప్పుడు మాత్రం గుండె ఆగినంత పనైంది. పాస్‌పుస్తకం ఒక్కటే అనుకున్నాను, ఒక ఆధార్ కార్డు అంచు కూడా కనబడింది. కత్తిరించిన బొమ్మలన్నిటినీ ముందు ఆ పద్ధతిలో శుభ్రం చేశాము. ఫైలు 96 ఎంబీ నుంచి 31కి దిగింది.

ఇప్పుడు మిగిలినవి డీటీపీ ఫైలూ, ప్రశ్నార్థకాల విషయసూచికా. డీటీపీ ఫైలులో నీటి పరీక్షల అధ్యాయం, మేత లెక్కల అధ్యాయం ఉన్నాయి కనుక వదిలేయడానికి వీలు లేదు. పీడీఎఫ్ చేసి అందులోంచి కాపీ చేసి చూశాను, అదే గందరగోళం వచ్చింది.

పాత డీటీపీ (పాలకొల్లు):

ఆ ఫైలు నేను చేసినది కాకపోవచ్చు గానీ, అలాంటివి పెళ్లి శుభలేఖల నుంచి సొసైటీ వార్షిక నివేదికల దాకా వేలకొద్దీ చేసినవాడిని. కనుక కొంత బాధ్యత నా మీదా ఉంది.

ప్రతి లిపిలోని అక్షరాలకూ సొంత సంఖ్యలు ఇచ్చే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి సంచికలోనే తెలుగుకు 128 స్థానాల చోటు దొరికింది. అయినా మన అచ్చు పనిలోకి అది రావడానికి చాలా కాలం పట్టింది. ఆ లోపు మేము వాడిన ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను గీసి పెట్టేవారు. ఒక స్థానంలో తలకట్టు, ఒక స్థానంలో కొమ్ము, ఒక స్థానంలో వత్తు. అంటే మీ ఫైలులో తెలుగు లేనే లేదు. ఇంగ్లీషు అక్షరాలున్నాయి, వాటి మీద తెలుగు ముసుగు ఉంది. టూల్‌లో ఆ ఫాంటు లేదు కనుక ముసుగు జారిపోయింది. పీడీఎఫ్ కూడా ముసుగును మోసుకెళ్లింది తప్ప లోపలి అక్షరాలను మార్చలేదు. నమ్మకం కోసం నకలులో పాఠ్యమంతా ఎంచుకొని ఫాంటును గౌతమికి మార్చండి, వర్డ్‌లోనే అదే గందరగోళం కనబడుతుంది.

పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. మీ ఫైలులో వాడిన ఫాంటు పేరు చూసి, సరిగ్గా దానికి సరిపోయే పట్టిక ఉన్న కన్వర్టర్‌ను ఎంచుకోవాలి, ఎందుకంటే ఒక్కొక్క ఫాంటు కుటుంబానిదీ ఒక్కొక్క అమరిక. మార్చాక వచ్చే తప్పులు కూడా ఒక పద్ధతిలో ఉంటాయి. పాత ఫాంట్లు అక్షరాలను పలికే వరుసలో కాక, కనిపించే వరుసలో దాచుకుంటాయి. క్రావడి హల్లుకు ఎడమ పక్క నుంచి చుట్టుకొని వస్తుంది కనుక కొన్నిటిలో హల్లు కంటే ముందే టైపు అవుతుంది. అందువల్ల "ప్రతి", "గ్రాము" వంటి మాటల్లో రావత్తు పక్క అక్షరానికి దూకుతుంది. ఐత్వం ఒకే గుర్తుగా కాకుండా ఎత్వమూ, కింది గుర్తూ విడివిడిగా రావచ్చు. చూపుకు తేడా తెలియదు, వెతికితే మాత్రం దొరకదు.

నేను అసలు చెప్పదలచుకున్నది అంకెల గురించి. ఆ ఫాంట్లలో చుక్క, కామా, బ్రాకెట్టు, శాతం గుర్తు ఉండవలసిన స్థానాల్లో కూడా తెలుగు ముక్కలు ఉండేవి, ఆ గుర్తులను వేరే చోటికి నెట్టేవారు. కన్వర్టర్ పట్టికలో అది ఒక్క గడి తప్పితే, మేత పట్టికలో 2.5 కిలోలు 25 అయి కూర్చుంటుంది. కథల పుస్తకంలో అచ్చుతప్పు పడితే పాఠకుడు నవ్వుకుంటాడు, మేత పట్టికలో పడితే చెరువు అడుగు కుళ్లుతుంది. అంతే కాదు, ఫైలు మధ్యలో మామూలు ఇంగ్లీషు ఫాంటులో టైపు చేసిన పీహెచ్, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) వంటి మాటలను కూడా కన్వర్టర్ తెలుగు ముసుగే అనుకొని మార్చేస్తుంది. ఫాంటును బట్టి ముక్క ముక్కగా మార్చే కన్వర్టర్ దొరికితే మంచిది. లేకపోతే ఆ మాటలను ముందే గుర్తు పెట్టుకొని, తర్వాత చేత్తో సరిచేయాలి.

పట్టికలను మాత్రం మార్చకండి, కొత్తగా టైపు చేయండి. మిగతా పాఠ్యాన్ని మార్చి, మా రోజుల్లో ప్రూఫ్ చూసినట్టే చూడండి. ఒకరు పాత అచ్చు ప్రతిని పైకి చదవాలి, మరొకరు తెర మీద వేలు పెట్టి అనుసరించాలి. ఒక్కరే రెండూ చూస్తే కన్ను తప్పును దాటేస్తుంది. అచ్చు ప్రతి స్పష్టంగా ఉంటే స్కాన్ చేసి అక్షరాలను గుర్తించే పద్ధతి కూడా ఉంది, టెసరాక్ట్ వంటి ఉచిత ప్రోగ్రాములు తెలుగును చదవగలవు. కానీ వత్తుల దగ్గర అవి చేసే తప్పులకు ఒక పద్ధతంటూ ఉండదు. కన్వర్టర్ తప్పులను ఒకసారి కనిపెడితే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో మూకుమ్మడిగా దిద్దవచ్చు. అందుకే నా ఓటు కన్వర్టర్‌కే.

లాకుల దగ్గర (రాజోలు):

పాత డీటీపీ గారు వెతుకులాట మాట ఎత్తారు కనుక దానికి ఒక చేర్పు. "చెక్‌ట్రే", "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి, కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. ముగ్గురు రాసిన ఫైళ్లలో ఒకే మాట మూడు రకాలుగా ఉండే అవకాశం ఎక్కువ, హెల్ప్‌లోని వెతుకు పెట్టె వాటిని మూడు వేర్వేరు మాటలుగా లెక్క వేస్తుంది. ఇంపోర్ట్‌కు ముందే మీ ముఖ్యమైన మాటల జాబితా ఒకటి రాసుకొని, ఒక్కొక్క మాటకు ఒకే రూపం ఖాయం చేసి, ఫైళ్లన్నిటిలోనూ మార్చేయండి. "చెక్ ట్రే" అని విడదీసి రాయడమే అన్నిటికంటే నిశ్చింత.

ఇక ప్రశ్నార్థకాలు. సీహెచ్ఎం 1997 నాటి పద్ధతి. దాని లోపలి పుటలు హెచ్‌టీఎంఎల్ కనుక తెలుగు చక్కగా చూపిస్తాయి. విషయసూచిక, అకారాది సూచికల ఫైళ్లు మాత్రం యూనికోడ్‌కు ముందటి కోడ్ పేజీల (ఒక్కొక్క భాషకు విడిగా ఉండే అక్షరాల పట్టికల) మీద ఆధారపడి ఉంటాయి. రష్యనుకూ, జపనీసుకూ విండోస్‌లో అలాంటి కోడ్ పేజీ ఉంది. తెలుగుకు ఏనాడూ లేదు, విండోస్‌లోకి తెలుగు నేరుగా యూనికోడ్‌తోనే వచ్చింది. అందువల్ల ఏ టూల్‌తో చేసినా, ఎన్ని సెట్టింగులు మార్చినా ఆ ప్రశ్నార్థకాలు పోవు. దాని మీద ఇంకొక గంట కూడా వృథా చేయకండి. పైగా ఇంటర్నెట్ నుంచి దింపుకున్న సీహెచ్ఎం ఫైలును విండోస్ అనుమానంగా చూసి పుటలు ఖాళీగా చూపిస్తుంది, రైతు ప్రాపర్టీస్‌లోకి వెళ్లి అన్‌బ్లాక్ నొక్కాలి. ఫోనులో అయితే అసలు తెరుచుకోవడమే కష్టం. మీ టూల్‌లో హెచ్‌టీఎంఎల్5 హెల్ప్ తయారు చేసే సదుపాయం తప్పకుండా ఉంటుంది, దానికి మారండి.

మారే ముందు ఫైలు పేర్లు చూసుకోండి. చాలా టూళ్లు శీర్షికనే ఫైలు పేరుగా పెడతాయి. "చెరువు" అన్న మాటలో ఆరు సంకేతాలున్నాయి, యూటీఎఫ్-8లో అవి 18 బైట్లు, వెబ్ చిరునామాలో 54 అక్షరాలుగా విస్తరిస్తాయి. "చెరువులో మేత లెక్క నమోదు చేసే విధానం" అని పేరు పెడితే ఆ చిరునామా వాట్సాప్‌లో పంపినప్పుడు ఎంత బారుగా ఉంటుందో ఊహించుకోండి. శీర్షిక తెలుగులోనే ఉంచి, ఫైలు పేరును మాత్రం చిన్న ఇంగ్లీషు మాటగా మార్చండి. బొమ్మలకు కూడా అంతే. మీడియా ఫోల్డర్‌లోని వరుస సంఖ్యలను అలాగే వదిలేయకుండా, ఏ తెరదో తెలిసే పేర్లు పెట్టండి. 240లో 137వ బొమ్మ ఏమిటో ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

గట్టుమీద షెడ్డు (భీమవరం):

మేత అధ్యాయం పూర్తయింది. పాత డీటీపీ గారి మాట విని పట్టికలు కొత్తగా టైపు చేశాము. తర్వాత కుతూహలం కొద్దీ కన్వర్టర్‌తో మార్చిన పట్టికతో పోల్చి చూస్తే, ఆయన చెప్పిన చుక్క నిజంగానే నాలుగు చోట్ల మాయమై ఉంది. 31 బొమ్మల్లో 9 కొత్తగా తీశాము, ఆరింటిని అవసరం లేదని తీసేశాము. హెచ్‌టీఎంఎల్5లో విషయసూచిక తెలుగులో వచ్చింది. ఫోనులో "చెక్ ట్రే" అని వెతికితే మూడు టాపిక్‌లు చూపిస్తోంది.

పాస్‌పుస్తకం ఉన్న ఫొటోను పాత ఫైళ్లన్నిటిలోంచీ తీసేసి, ఆ రైతు గారికి విషయం చెప్పి, వారి చెరువు దగ్గరికే వెళ్లి బల్ల లేని వైపు నిలబెట్టి మళ్లీ తీసుకున్నాము. ఈసారి ట్రేలో మేత ఏమీ మిగలలేదు కనుక, బొమ్మ కింది వివరణ మార్చవలసి వచ్చింది.